తాండూరు దిక్కు, వికారాబాదు దిక్కు

మా తాండూరులో ఒకప్పుడు బేస్‌బాల్ ఆడేవాళ్లమంటే మా మనుమలు కూడా నమ్మరు. తాత క్రికెట్‌నే అట్లా అంటున్నాడని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. క్రికెట్ కాదు. జట్టుకు తొమ్మండుగురం, నేల మీద నాలుగు బేసులు, బంతిని కొట్టి నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. వికారాబాదు, తాండూరు, పరిగి మూడు ఊళ్ల మధ్య ఏటా పోటీలు పెట్టుకునేవాళ్లం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే జొన్నచేలు, రాళ్లగుట్టలు తప్ప మనిషి కనబడని రోజులవి. రైలు తప్పిపోతే ఆట మరుసటి ఆదివారానికి జరిగేది. అయినా ఆడాం.

ఈ ఆట మా దిక్కుకు ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి. వికారాబాదు మిషన్ బడిలో ఒక అమెరికా దొర ఉండేవాడు. నేను మా మేనత్త ఇంట్లో ఉండి ఆ బడిలోనే చదువుకున్నాను. సాయంత్రం గంట కొట్టగానే దొర ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మాతో బరిలోకి దిగేవాడు. నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్లకు ఆయన తన దేశానికి వెళ్లిపోతూ రెండు బ్యాట్లు, మూడు తోలు గ్లౌజులు మా డ్రిల్లు సారు చేతిలో పెట్టాడు. డ్రిల్లు సారుది పూడూరు దగ్గరి పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించిన మనిషి. పని ఏదైనా సగంలో వదిలేయడం ఆయనకు చేతకాదు. దొర పోయినా ఆట పోకూడదని పంతం పట్టి, మూడు ఊళ్లు తిరిగి జట్లు కట్టించింది ఆయనే. మెడలో ఈల లేకుండా ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు. పెళ్లిళ్లకు కూడా దాంతోనే వచ్చేవాడు.

చదువు అయిపోయి తాండూరు బడిలో నాకు పంతులు పని దొరకగానే, ఆ ఊరి జట్టు భారం నా నెత్తిన పెట్టాడు. మా జట్టు చూస్తే నవ్వొచ్చేది. పప్పు మిల్లు హమాలీలు ఇద్దరు, తపాలా బంట్రోతు ఒకడు, చాయ్ హోటలు నడిపే కన్నడాయన ఒకడు. కన్నడాయన తెలుగు మాట్లాడేవాడు గానీ పరుగులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం కన్నడంలోకి పోయేవాడు. ఎంత చెప్పినా మారలేదు. అందరికంటే గట్టివాడు బండలు కొట్టే ఒకాయన. కరణ్‌కోట దిక్కు గనుల్లో నాపరాయి తీసేవాడు. గ్లౌజు ఇస్తే వద్దనేవాడు. "నా చెయ్యికి ఏం తగుల్తది సారూ, బంతికే దెబ్బ తగుల్తది" అనేవాడు. నిజంగానే ఆయన పట్టిన బంతికి కుట్లు వదిలేవి. కుట్లు వదిలినప్పుడల్లా బస్టాండు దగ్గరి మోచీ కుట్టిపెట్టేవాడు. కుట్టినకొద్దీ అది గుండ్రం తప్పి, ఎటు పోతుందో విసిరినవాడికి కూడా తెలియకుండా పోయేది. దాన్ని మేం మా బలమని చెప్పుకునేవాళ్లం.

ఇక మైదానం. మా నాయనకు ఊరవతల రెండెకరాల బీడు ఉండేది. నేను అడగగానే "ఆడుకోండ్రి, ఖాళీగనే ఉన్నది గదా" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా నాయన అంత తొందరగా దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. బండలాయన నాలుగు నాపరాళ్లు చదును చేసి తెచ్చి నేలకు సమంగా పాతాడు. మొదటి రోజు నాయన కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఎట్లా ఆడాలో జట్టుకు చూపిద్దామని నేను బ్యాటు కింద పడేసి, కుడి పక్కనున్న మొదటి బేసుకు ఉరికి, అక్కణ్నుంచి రెండు, మూడు తొక్కి ఇంటి బేసుకు వచ్చాను.

"ఆగు" అన్నాడు నాయన. "గట్లనా ఉరికేది?"

"అవు నాయనా. గిదే ఆట."

"నా చేన్ల గా దిక్కు ఉరుకొద్దు. ప్రదక్షిణం లెక్క ఉరుకుతె ఉరుకుండ్రి. లేకుంటె ఒద్దు."

నాకు కోపం ముక్కు మీద ఉండే వయసు. "పొయ్యేది కుడిపక్కకే గదా? కుడి మంచిదని నువ్వే అంటవ్" అన్నాను.

"కుడికి పోతె ఏమైంది? నడుమ ఉన్నది నీ ఎడమ చెయ్యికి పడ్తది. గుడిల గట్ల తిరుగుతవా?"

"నడుమ దేవుడు లేడు నాయనా. బంతి ఇసిరెటోడు ఉన్నడు."

"ఎవడన్న ఉండనియ్యి" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

నేను రుసరుసలాడుతుంటే బండలాయన నవ్వాడు. "చేను దొరికింది సారూ. దిక్కుదేముంది? ఎటురికినా అలుపు ఒక్కటే" అన్నాడు. ఆ మాటతో అందరూ ఎడమకు తిరిగారు. మాకు మూడో బేసు మొదటిదైంది, మొదటిది మూడోదైంది. లోకంలో ఎక్కడా లేని బేస్‌బాల్ తాండూరులో మొదలైంది.

వికారాబాదు జట్టు మా ఊరికి మొదటిసారి వచ్చిన రోజు చూడాలి. వాళ్లలో సగం మంది రైల్వే వాళ్లు, సగం మంది మిషన్ బడి పంతుళ్లు. నేను ముందే చెప్పాను, ఇక్కడ ఇటు ఉరకాలని. సరేనన్నారు. ఆట మొదలవగానే వాళ్ల సిగ్నలాయన బంతిని కొట్టి, ఎప్పటి అలవాటు కొద్దీ కుడికి ఉరికాడు. అతని వెనక వచ్చినవాడు గుర్తు పెట్టుకుని ఎడమకు ఉరికాడు. ఇద్దరూ రెండో బేసు దగ్గర ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నారు. డ్రిల్లు సారుకు ఈల ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి. ఇద్దరిలో ఎవరు అవుటని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆ రోజు మేం ఎన్ని పరుగులతో గెలిచామో కన్నడాయనకు కూడా లెక్క తప్పింది.

సాయంత్రం రైలు వచ్చేదాకా స్టేషన్లో కూర్చుని, ఆట చూడవచ్చిన పరిగి వాళ్లను కూడా కలుపుకుని మూడు ఊళ్ల వాళ్లం ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఎవరి మైదానంలో వాళ్ల దిక్కు. తాండూరులో ఎడమకు, వికారాబాదులో, పరిగిలో కుడికి. ధర్మంగానే ఉంది గానీ, దాని ఫలం వేరే వచ్చింది. మేం సొంత ఊళ్లో ఎవరికీ ఓడలేదు, బయటికి పోతే ఎవరి మీదా గెలవలేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు మూడేళ్లు అట్లాగే నడిచింది.

నాలుగో ఏడు ఎండాకాలంలో మాకూ వికారాబాదుకూ చెరిసమానం అయింది. ఆఖరి ఆట ఎక్కడ ఆడాలో చీటీలు వేస్తే వికారాబాదు వచ్చింది. అదే వారంలో, అన్నం తింటూ తింటూ, మా నాయన చల్లగా ఒక మాట అన్నాడు.

"గా బీడు ఈ ఏడు దున్నుత. మిరుగం పడంగనే కందులేస్త."

మిరుగమంటే మృగశిర కార్తె, మా దిక్కు తొలకరి విత్తనాల పొద్దు. ఇంకా ఇరవై రోజుల్లేదు. ఊళ్లో ఇంకెక్కడా అంత సాపు నేల లేదు. ఉన్నవన్నీ రాళ్లు, లేకపోతే పంటచేలు. ఆ బీడు పోతే మా జట్టు పోయినట్టే.

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు నాయనా?"

"అందరు నవ్వుతున్నరు. నల్లరేగడి నేలల పటేలు పోరగాండ్లను పండిస్తున్నడంట."

నేను ఊరుకోలేదు. అరిచాను. బతిమాలాను. మళ్లీ అరిచాను. చివరికి ఆయన చెయ్యి కడుక్కుంటూ, "సరె, వికారాబాదుల గెలిచి రండ్రి. ఇంకో ఏడు ఇడుస్త. ఓడితె మిరుగం నాడు గొర్రు కట్టుడే" అన్నాడు. గెలవలేమని ఆయనకు తెలుసు. బయటి ఊళ్లో మేం గెలవలేదన్న సంగతి పిల్లలకు కూడా తెలుసు.

నాయన బయటికి పోయాక అమ్మ మీద పడ్డాను. "ఆయన మొండితనంతోనే మేము ఓడుతున్నం. మా చేన్ల కుడికి ఉరకనిస్తె మాకు గా అలవాటు అయితుండె. ఎక్కడలేని చాదస్తం" అన్నాను.

అమ్మ గిన్నెలు సర్దడం ఆపలేదు. "చాదస్తం గాదు. మీ అన్న పోయిన నాడు నువ్వు వికారాబాదుల ఉంటివి. చూడలె. మీ నాయన కుండ భుజాన పెట్టుకొని చితి సుట్టు మూడు సార్లు గా దిక్కే తిరిగిండు. కొడుకు తిరగాల్సింది తండ్రి తిరిగిండు. గంతే" అంది.

మా అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. జ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. నాకు కబురు అంది నేను చేరేసరికి అంతా అయిపోయింది. చితి చుట్టూ ప్రదక్షిణానికి ఎదురు దిక్కున తిరుగుతారని నాకు తెలియక కాదు. కానీ బేసుల చుట్టూ తిరిగే నన్ను గట్టు మీద నుంచి చూస్తే ఆయనకు ఏం కనబడిందో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ పూట సిగ్గుతో ఇంట్లో ఉండలేకపోయాను. నాయన దగ్గరికి పోయి ఏదైనా అందామనుకున్నాను గానీ, మా ఇంట్లో తండ్రీకొడుకులు అట్లాంటి మాటలు మాట్లాడుకునే అలవాటు లేదు. ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చాను.

అయినా ఆట ఆడక తప్పదు. నాయన చేనులో కాకుండా, ఆయన కంటబడకుండా కుడి దిక్కు నేర్చుకోవాలి. ఎండాకాలం కదా, మా కాగ్నా నది ఎండిపోయి ఇసుక పరుచుకుని ఉంది. పొద్దు పొడవకముందే అక్కడికి పోయి, గోనెసంచులు నాలుగు పరిచి పదిహేను రోజులు ఉరికాం. ఇసుకలో కాలు తీస్తే కాలు దిగేది. హమాలీలు మూటలు మోయడమే నయమని గొణిగారు. ఎడమకు ఉరికినవాడు అందరికీ చాయ్ పోయించాలని కన్నడాయన నియమం పెట్టాడు. హోటలు ఆయనదే కాబట్టి ఆ నియమం మాకు అనుమానంగా ఉన్నా ఒప్పుకున్నాం. నేనైతే గట్టు మీద నిలబడి ఒకటే కేకలు. కుడి, కుడి అని గొంతు పోయేలా అరిచాను. చిన్నప్పుడు దొర దగ్గర నేర్చినవాణ్ని, నాకు వేరే నేర్చుకునేది ఏముందనుకున్నాను. వాళ్లు పది సార్లు ఉరికితే నేను ఒక్కసారి ఉరికాను. ఎదుటివాళ్లకు చెప్పేందుకే నీతులని ఊరికే అనలేదు.

ఆట రోజు తెల్లవారుజామున రైలెక్కి వికారాబాదులో దిగాం. పొద్దున్నే గుట్టల దిక్కు నుంచి చల్లగా గాలి వస్తోంది. అంపైరుగా ఉండాల్సిన పరిగి ఆయన బస్సు చెడిపోయి రాలేదు. రెండు జట్ల ఒప్పుకోలుతో డ్రిల్లు సారే నిలబడ్డాడు. వికారాబాదు తన జట్టే అయినా ఆయన తప్పు చెప్పడని మాకు నమ్మకం. ఆట మొదలయ్యే వేళకు బడి గేటు దగ్గర ఎర్ర తలపాగా కనబడింది. మా నాయన. మా రైల్లోనే వేరే డబ్బాలో వచ్చాడట. "ఓడుడు చూద్దామని వచ్చిన" అన్నాడు నాతో. డ్రిల్లు సారు పరుగెత్తుకుపోయి బడిలోంచి కుర్చీ తెప్పించి, వేపచెట్టు నీడలో వేయించాడు.

ఆయన కూర్చున్నాడు గానీ ఆట చూడలేదు. బంతి విసిరేటప్పుడు చూసేవాడు, కొట్టేటప్పుడు చూసేవాడు. ఎవరైనా బేసుల దిక్కు ఉరికితే చాలు, తల దించుకుని చెప్పుల వంక చూసేవాడు. వాళ్ల మనిషైనా మా మనిషైనా అంతే. ఎందుకో మైదానంలో నాకు ఒక్కడికే తెలుసు. నేను ఆయన్ను చూస్తూ నిలబడి, చేతికి వచ్చిన రెండు బంతులు వదిలేశాను. బండలాయన నన్ను తిట్టాడు కూడా.

ఏడు వంతుల ఆట. టాసు ప్రకారం వాళ్లు ముందు కొట్టారు, ఆఖరి వంతు మాది. కాగ్నా ఇసుక వృథా పోలేదు. మావాళ్లలో ఒక్కడు కూడా ఎడమకు అడుగు వేయలేదు. ఆఖరి వంతు వచ్చేసరికి మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇద్దరు అవుటయ్యారు. మూడో బేసు మీద బండలాయన, రెండో బేసు మీద తపాలా బంట్రోతు. బ్యాటు నా చేతిలో. వాళ్లిద్దరూ ఇల్లు చేరి, నేను అవుటు కాకుండా మొదటి బేసు తొక్కితే గెలుపు మాది, చేను మాది. మొదటి బేసు తొక్కకముందే నేను అవుటైతే వాళ్ల రెండు పరుగులూ లెక్కకు రావు.

కొట్టాను. బాగానే కొట్టాను. బంతి నేల మీద దూకుతూ కుడి పక్క ఇద్దరి మధ్య నుంచి దూసుకుపోయింది. అరుపులు లేచాయి. నేను ఉరికాను. మూడు అడుగులు వేశానో లేదో, ఎదురుగా బండలాయన ఛాతీ కనబడింది.

"సారూ! ఎటు?" అని అరిచాడు.

ఎడమకు ఉరుకుతున్నాను. పదిహేను రోజులు అందరినీ తిట్టినవాణ్ని, నేనే ఎడమకు ఉరుకుతున్నాను. అక్కడే ఆగిపోయాను. అప్పుడు వెనక నుంచి వినబడింది. మైదానమంతా వినబడింది.

"గటు గాదురా! కుడికి! కుడికి ఉరుకురా కొడుకా! ఉరుకు!"

తిరిగి చూస్తే నాయన కుర్చీలో లేడు. చెప్పులు లేకుండా సున్నపు గీత దాటి లోపలికి వచ్చి, తలపాగా చేతిలో పట్టుకుని మొదటి బేసు దిక్కు ఊపుతున్నాడు. నేను తిరిగి ఉరికాను. అంత వేగంగా అంతకుముందు ఉరకలేదు, ఆ తర్వాతా ఉరకలేదు. నా కాలూ బంతీ ఒకేసారి బేసు చేరినట్టు అనిపించింది.

డ్రిల్లు సారు వేలు ఎత్తాడు. అవుట్.

వికారాబాదు వాళ్లు ఎగిరి గంతేశారు. మావాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయారు. మూడు అడుగులు వృథా చేసింది నేనే. కానీ మా నాయన ఊరుకోలేదు. దుమ్ములో పడుతూ లేస్తూ వచ్చి డ్రిల్లు సారు ముందు నిలబడ్డాడు.

"గదెట్ల అవుట్? బంతి కంటె ముందు మావోని కాలు పడ్డది. నేను కండ్లార చూసిన!"

డ్రిల్లు సారుకు నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది. "పటేల్ సాబ్, ఏమనుకోకుండ్రి. పొద్దటి సంది చూస్తున్న. ఎవరు ఉరికినా మీరు నేల దిక్కే చూసిండ్రు. గిప్పుడు ఎట్ల చూసిండ్రు?"

"ఎవరో ఉరికితె చూడలె" అన్నాడు నాయన. "నా కొడుకు ఉరుకుతుంటె చూడనా?"

డ్రిల్లు సారుకు ఆ మాట వెనక సంగతి ఏమీ తెలియదు. అయినా ఒక్క క్షణం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా "అవుట్ అవుటే పటేల్ సాబ్" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఓడినందుకు ఏడుస్తున్నాననుకుని బండలాయన భుజం తట్టాడు. నేను వద్దనలేదు.

తిరుగు రైల్లో నాయన మా డబ్బాలోనే ఎక్కాడు. తాండూరు వచ్చేదాకా నా కాలు ముందు పడ్డదని అందరికీ పేరు పేరునా చెప్పాడు. తపాలా బంట్రోతు ధైర్యం చేసి, "అయితె చేను ఇడుస్తవా పటేలా?" అని అడిగాడు.

"మాట మాటే" అన్నాడు.

మిరుగం పడగానే గొర్రు కట్టి కందులు వేశాడు. నాపరాళ్లు నాలుగూ తానే తవ్వి గట్టుకు చేర్చాడు. ఆ ఏడు వానలు బాగా పడి పంట విరగకాసింది. చేను దిక్కు పోవాలంటే నాకు కడుపు మండేది. జట్టంతా ఆదివారాలు కన్నడాయన హోటల్లో కూర్చుని పాత ఆటలే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాం.

పుష్యమాసంలో కంది కోత అయిపోయింది. కట్టె ఇంటికి చేరింది. ఒక పొద్దున నాయన నన్ను లేపి, "మీ జట్టును పిలువు. కంది కొయ్యలు పీకాలె. గట్లనే ఉంటె ఉరికెటోళ్ల కాళ్లకు గుచ్చుకుంటయ్" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పులు కూడా వేసుకోకుండా ఊళ్లోకి పోయాను.

తొమ్మండుగురం రెండు రోజులు కొయ్యలు పీకి నేల సాపు చేశాం. బండలాయన నాపరాళ్లు మోసుకొచ్చి మళ్లీ పాతుతుంటే, నాయన గట్టు దిగి వచ్చి దగ్గర నిలబడ్డాడు. మా అందరి మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న. నాకు అడిగే ధైర్యం లేదు. బండలాయనే చెయ్యి దులుపుకుని అడిగాడు.

"పటేలా, గిప్పుడు మేము ఎటు ఉరకాలె?"

నాయన ఒక రాయిని కాలితో నొక్కి చూశాడు.

"ఎవరి మైదానం వాళ్ల దిక్కు అని అనుకున్నరు గదా. గీడ మన దిక్కే" అన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు. "వికారాబాదు పోయినప్పుడు మాత్రం నన్ను పిలువుండ్రి. వీనికి దిక్కు చెప్పెటోడు ఒకడు ఉండాలె."